ఆక్సిజన్ సరిపోతున్నా ఆయాసం ఎందుకు? పెయింటల్ 'జె' గ్రాహకాలు చెప్పే జవాబు

గుండె ఎడమ జఠరిక బలహీనపడిన రోగి రాత్రి పడుకున్న గంటకో రెండు గంటలకో ఆయాసంతో లేచి కూర్చుంటాడు. నిమిషానికి 30 దాకా శ్వాసలు, అన్నీ పైపైనే. వేలికి పెట్టిన ఆక్సీమీటరు ఆ తొలి నిమిషాల్లో 95, 96 చూపిస్తూ ఉండొచ్చు. ధమని రక్తం పరీక్షిస్తే కార్బన్ డయాక్సైడ్ తరచూ మామూలు కంటే తక్కువే ఉంటుంది. రక్తంలోని వాయువుల లెక్క చూస్తే ఇంత వేగంగా ఊపిరి తీయాల్సిన పనే లేదు. మరి ఈ శ్వాసను తరుముతున్నది ఏది?

శ్వాస నియంత్రణ అనగానే అందరం చదువుకున్నది రెండు విషయాలు. 1905లో ఇంగ్లండులో హాల్డేన్, ప్రీస్ట్లీ అనే ఇద్దరు, ఊపిరితిత్తుల్లో గాలీ రక్తమూ వాయువులు మార్చుకునే గాలిగదుల్లో కార్బన్ డయాక్సైడ్ పీడనం కొద్దిగా పెరిగినా శ్వాస పెరుగుతుందని చూపించారు. ఆ తర్వాత బెల్జియంలోని ఘెంట్‌లో కోర్నీల్ హేమన్స్, మెడలో కెరోటిడ్ ధమని చీలే చోట రక్తంలో ఆక్సిజన్ తగ్గుదలను పసిగట్టే గ్రాహకాలున్నాయని నిరూపించి 1938 నోబెల్ బహుమతి అందుకున్నారు. రెండూ నిజాలే. అయితే రెండూ రక్తం ఏం మోసుకొస్తోందో చెప్పేవి. ఊపిరితిత్తి తన లోపలి పరిస్థితిని తానే మెదడుకు చెప్పుకునే దారి ఇంకొకటి ఉంది. పాఠాల్లో దానికి రెండు వాక్యాలకు మించి చోటు దొరకదు. ఇది చిన్న లోటు కాదు. ఎమర్జెన్సీ వార్డుకు వచ్చే ఆయాసాల్లో చాలావాటిని ఆ దారి తెలియకుండా అర్థం చేసుకోలేం.

ఆ దారిని వెలికి తీసినవాడు ఔతార్ సింగ్ పెయింటల్. 1925లో బర్మాలోని మోగోక్‌లో పుట్టారు. లక్నో కింగ్ జార్జ్ మెడికల్ కాలేజీలో వైద్యం చదివి, ఎడిన్‌బరోలో డేవిడ్ విటరిడ్జ్ దగ్గర పీహెచ్‌డీ చేశారు. తిరిగొచ్చాక ఎక్కువ కాలం ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశారు, దానికి డైరెక్టరుగానూ ఉన్నారు. 1981లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు, 1986 నుంచి 1991 దాకా భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్. 2004లో మరణించారు.

ఆయన పనంతా ఒక్క నాడి చుట్టూ తిరిగింది. వేగస్ నాడి మెదడు కాండంలో అడుగున ఉండే మజ్జాముఖం నుంచి బయలుదేరి, మెడలో కెరోటిడ్ ధమని పక్కగా దిగి, గుండె, ఊపిరితిత్తులు, జీర్ణాశయం, పేగుల దాకా వెళుతుంది. మెదడు నుంచి అవయవాలకు ఆజ్ఞలు మోసే నాడిగానే దీన్ని చాలామంది తలుస్తారు. నిజానికి దీనిలోని తంతువుల్లో సుమారు 80 శాతం అవయవాల నుంచి మెదడుకు వార్తలు మోసేవే. ఆ తంతువుల్లోనూ ఎక్కువ భాగం, మయలిన్ అనే కొవ్వు తొడుగు లేని సన్నని సి తంతువులు. తొడుగున్న తంతువుల్లో సంకేతం సెకనుకు 15 నుంచి 60 మీటర్ల వేగంతో పరుగెడితే, సి తంతువుల్లో ఒకటి రెండు మీటర్లు మాత్రమే నడుస్తుంది.

ముందు గుండె సంగతి. 1845లో జర్మనీలో వెబర్ సోదరులు, వేగస్‌ను విద్యుత్తుతో ప్రేరేపిస్తే గుండె నెమ్మదించి ఆగిపోతుందని చూపారు. గుండె కొట్టుకోవడాన్ని మొదలుపెట్టే సిరాకర్ణికా కణుపు, ఏ నాడీ తగలకుండా వదిలేస్తే, నిమిషానికి 100 సార్ల దరిదాపుల్లో కొడుతుంది. నాడులు తెగిపోయిన మార్పిడి గుండె విశ్రాంతిలో కూడా 90 నుంచి 110 మధ్య ఉండటానికి కారణం అదే. మామూలు మనిషిలో అది 70కి దిగి ఉంటోందంటే, వేగస్ దాన్ని నిరంతరం వెనక్కి లాగుతోందన్నమాట. ఈ లాగడం ఒకే తీరుగా ఉండదు. శ్వాస లోపలికి తీసేటప్పుడు సడలుతుంది, బయటికి వదిలేటప్పుడు బిగుస్తుంది. అందుకే ఉచ్ఛ్వాసంలో గుండె వేగం పెరిగి నిశ్వాసంలో తగ్గుతుంది. ఈ ఊగిసలాటను 1847లో కార్ల్ లుడ్విగ్ గీతల రూపంలో నమోదు చేశారు.

దీన్ని ఎవరైనా మణికట్టు దగ్గర నాడి పట్టుకుని గమనించొచ్చు. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. తర్వాత 5 సెకన్లు లోపలికి, 5 సెకన్లు బయటికి, అంటే నిమిషానికి 6 శ్వాసల చొప్పున నెమ్మదిగా తీయాలి. లోపలికి తీసేటప్పుడు దెబ్బలు దగ్గరపడి, వదిలేటప్పుడు దూరమవుతాయి. క్లినిక్‌లో ఇదే పరీక్షను ఈసీజీ పెట్టి చేస్తారు. ఒక్కో శ్వాసలో అత్యధిక, అత్యల్ప గుండె వేగాల తేడా 15 లేదా అంతకు మించితే వేగస్ బాగున్నట్టు, 10 లేదా అంతకు తక్కువైతే దెబ్బతిన్నట్టు లెక్క. చాలా ఏళ్లుగా మధుమేహం ఉన్నవాళ్లలో ఈ తేడా తగ్గిపోతే స్వయంచాలక నాడులకు హాని జరిగిందని అనుమానిస్తారు. వయసుతోపాటు కూడా ఇది తగ్గుతుంది కాబట్టి అరవై దాటినవాళ్ల ఫలితాన్ని ఇరవై ఏళ్ల కుర్రాడి కొలతతో పోల్చకూడదు. పరీక్షలో ఎక్కువగా జరిగే పొరపాటు, రోగి మరీ బలంగా గాలి లాగడం. రొమ్ములో పీడనం తలకిందులై రక్తపోటు ఊగితే అంకె నమ్మదగింది కాదు.

ఈ ఊగిసలాటకు మూలం మజ్జాముఖంలో ఉంది. గుండెకు వెళ్లే వేగస్ నాడీకణాలూ, శ్వాస లయను పుట్టించే కణాలూ ఇరుగుపొరుగునే ఉంటాయి. ఆ లయ పుట్టే చిన్న ప్రాంతాన్ని 1991లో ఎలుకల మెదడు కాండంలో గుర్తించి ప్రీబోట్జింగర్ సముదాయం అన్నారు. ఉచ్ఛ్వాసం జరిగేటప్పుడు శ్వాస కణాలు గుండె కణాలను అణిచిపెడతాయి, గేటు మూసినట్టు. దానికి తోడు, సాగిన ఊపిరితిత్తి నుంచి వచ్చే సంకేతాలు ఆ గేటును మరింత బిగిస్తాయి. రక్తపోటు పెరిగిందని చెప్పే సంకేతం ఉచ్ఛ్వాస సమయంలో వస్తే గుండె పెద్దగా లెక్కచెయ్యదు. అదే సంకేతం నిశ్వాసంలో వస్తే వెంటనే నెమ్మదిస్తుంది. కెరోటిడ్ గ్రాహకాల విషయంలోనూ అంతే. 1958లో డేలీ, స్కాట్ కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో, శ్వాస పెరగకుండా కట్టడి చేసి కెరోటిడ్ గ్రాహకాలను ప్రేరేపిస్తే గుండె నెమ్మదించింది. శ్వాసను పెరగనిస్తే ఆ నెమ్మదింపు మరుగున పడింది. శ్వాస, గుండె వేగం రెండు వేర్వేరు వ్యవస్థలని చెప్పే పాఠం ఇక్కడే చెల్లకుండా పోతుంది.

ఇక ఊపిరితిత్తుల వార్తలు. 1868లో వియన్నాలో హెరింగ్, బ్రాయర్, ఊపిరితిత్తులను ఉబ్బిస్తే ఉచ్ఛ్వాసం ఆగుతుందనీ, వేగస్‌ను కోస్తే ఆ ప్రభావం పోతుందనీ చూపారు. 1933లో ఏడ్రియన్ ఆ సాగుదలను చెప్పే తంతువుల సంకేతాలను కేంబ్రిడ్జ్‌లో రికార్డు చేశారు. అవి మయలిన్ ఉన్న లావు తంతువులు, ప్రతి శ్వాసకూ గలగలా మోగుతాయి కాబట్టి దొరికాయి. సన్నని సి తంతువులు విశ్రాంతిలో దాదాపు నిశ్శబ్దంగా ఉంటాయి. మోగని తంతువును వెతకడమెలా అన్నదే పెయింటల్ ముందున్న చిక్కు.

ఆ పని ఎలా జరుగుతుందో కొంచెం దగ్గరగా చూడాలి. మత్తిచ్చిన పిల్లి మెడ తెరిచి, వేగస్‌ను చుట్టుపక్కల కణజాలం నుంచి విడదీస్తారు. కోసిన చర్మపు అంచులను పైకి లేపి ఒక ఉంగరానికి కుట్టి దొన్నెలా చేసి, అందులో గోరువెచ్చని లిక్విడ్ పారఫిన్ పోస్తారు. నాడి ఎండిపోకుండా కాపాడేది, విద్యుత్ సంకేతం పక్కకు జారిపోకుండా చూసేది ఈ నూనే. తర్వాత సూక్ష్మదర్శిని కింద నాడి మీది పొరను ఒలిచి, గడియారాలు బాగుచేసేవాళ్ల చిమటాలతో, సన్నని సూదులతో ఆ కట్టను చీలుస్తూ పోతారు. సగం, అందులో సగం, మళ్లీ సగం. చివరికి వెంట్రుక కన్నా సన్నని పోగు ఒకటి మిగులుతుంది. దాన్ని లోహపు ఎలక్ట్రోడ్ మీదికెత్తి, సంకేతాన్ని పెద్దది చేసి, స్పీకరులో వింటూ తెర మీద చూస్తారు. చెడిపోవడానికి దారులు బోలెడు. పోగును కాస్త ఎక్కువ లాగితే చచ్చిపోతుంది. రక్తపు చుక్క నూనెలోకి దిగితే సంకేతం పలచబడుతుంది. పోగులో రెండు మూడు తంతువులు మిగిలిపోతే ఏ సంకేతం దేనిదో తేలదు. తంతువు ఒక్కటే అని నమ్మాలంటే, తెర మీద కనిపించే ప్రతి శిఖరం ఎత్తూ ఆకారమూ ఒకటే ఉండాలి.

నిశ్శబ్దంగా ఉండే తంతువును మోగించడానికి ఆయన ఒక రసాయనాన్ని వాడుకున్నారు. వెరాట్రిన్ లాంటి మందులను సిరలోకి ఎక్కిస్తే శ్వాస ఆగి, గుండె నెమ్మదించి, రక్తపోటు పడిపోతుందని 1867 నుంచే తెలుసు. 1951లో ఆక్స్‌ఫర్డ్‌లో డాస్, మాట్, విడికోంబ్, ఫినైల్ డైగ్వనైడ్ అనే పదార్థంతో పిల్లుల్లో ఇలాంటి ప్రభావమే ఊపిరితిత్తుల నుంచి పుడుతుందని చూపారు. దాన్ని పుట్టించే గ్రాహకాన్ని మాత్రం ఎవరూ చూడలేదు. పెయింటల్ ఆ ఫినైల్ డైగ్వనైడ్‌ను గుండె కుడి వైపు గదిలోకి ఎక్కించి, ఒక్కో పోగునూ వింటూ పోయారు. అప్పటిదాకా మౌనంగా ఉన్న పోగు మందు తగలగానే మోగితే, అదే తాను వెతుకుతున్నది. 1955లో వీటిని ప్రకటించారు.

గ్రాహకం ఎక్కడుందో తేల్చడానికి ఆయన వాడిన తర్కం చాలా సూటిగా ఉంటుంది. మందును కుడి కర్ణికలో పోస్తే రెండు మూడు సెకన్లలో మోగింది. ఊపిరితిత్తులను దాటేసి ఎడమ వైపు పోస్తే ఆలస్యమైంది. కాబట్టి మందు తగిలే చోటు ఈ రెంటి మధ్య, ఊపిరితిత్తి రక్తనాళాల్లో ఎక్కడో ఉంది. అంతటితో ఆగలేదు. హేలోథేన్ లాంటి మత్తు ఆవిరిని శ్వాసనాళం గుండా ఊపిరితిత్తిలోకి ఊదితే, అర సెకను కూడా పట్టకుండానే గ్రాహకం మోగింది. రక్తం వైపు నుంచి కొట్టినా, గాలి వైపు నుంచి కొట్టినా వెంటనే పలికే చోటు ఒక్కటే ఉంటుంది: గాలిగదికీ కేశనాళికకూ మధ్య ఉండే సన్నని గోడ. 1971లో మేరిక్, రీడ్ ఎలుకల ఊపిరితిత్తుల గాలిగది గోడల్లో నాడీ తంతువులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూశారు.

మందుతో మోగించడం ఒక ఎత్తు. మామూలు శరీరంలో దీన్ని మోగించేదేమిటి? గాలిని బలంగా బయటికి లాగేస్తే ఈ తంతువులు మోగడం చూసి, మొదట్లో పెయింటల్ వీటిని ఊపిరితిత్తి ముడుచుకోవడాన్ని చెప్పే గ్రాహకాలనే అనుకున్నారు. కానీ మామూలు నిశ్వాసానికి అవి పలకవు. ఆ తర్వాత బృహద్ధమనిని కాసేపు నొక్కిపెట్టీ, ఎడమ కర్ణిక నుంచి జఠరికకు రక్తం పోకుండా అడ్డుపెట్టీ చూశారు. రక్తం వెనక్కి ఎగదన్ని ఊపిరితిత్తి కేశనాళికల్లో పీడనం పెరిగేసరికి అవి జోరుగా మోగాయి. రక్తనాళాల నుంచి నీరు కారేలా చేసే అలోక్సాన్ ఇచ్చినా, క్లోరిన్ పీల్పించినా, పిండి రేణువులతో సన్న రక్తనాళాలను మూసినా అంతే. 1969లో తన తొలి అంచనాను వదిలేసి, కేశనాళికకు ఆనుకుని ఉండే గ్రాహకాలుగా వీటికి 'జె' అని పేరు పెట్టారు ('ఆనుకుని' అనే అర్థమిచ్చే 'జక్స్టా'లో తొలి అక్షరం). కేశనాళికల్లో పీడనం పెరిగితే గోడలోని ఖాళీలోకి నీరు ఊరుతుంది, ఆ ఉబ్బు గ్రాహకాన్ని నొక్కుతుంది. గాలిగదిలోకి నీరు దిగకముందే, ఆక్సిజన్ తగ్గకముందే ఈ హెచ్చరిక వెళుతుంది. నా దృష్టిలో ఆయన పనిలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

అంకెల్లో చూస్తే, ఊపిరితిత్తి కేశనాళికల్లో పీడనం మామూలుగా 8 నుంచి 12 మి.మీ. పాదరసం. రక్తంలోని ప్రొటీన్లు నీటిని లోపలికి లాగే బలం 25 దాకా ఉంటుంది. పీడనం దాన్ని దాటితే నీరు గాలిగదుల్లోకి దిగడం మొదలవుతుంది. మధ్యలో, 18-20 దగ్గర, గోడలో ఉబ్బు మొదలై ఆయాసం కనిపించే దశ ఒకటుంది. ఆక్సీమీటరుకు ఆ దశ అందదు. పడుకున్నప్పుడే ఎందుకొస్తుందన్నదానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. నిలబడినప్పుడు కాళ్లలో నిలిచే రక్తంలో పావు నుంచి అర లీటరు, పడుకోగానే ఛాతీలోకి చేరుతుంది. బలహీనమైన ఎడమ జఠరిక దాన్ని ముందుకు తోయలేదు.

జె గ్రాహకాలు ఒక్కసారిగా గట్టిగా మోగితే జంతువుల్లో కనిపించే వరస ఇది: శ్వాస కొద్ది సెకన్లు ఆగుతుంది, స్వరపేటిక బిగుస్తుంది, గుండె నెమ్మదిస్తుంది, రక్తపోటు పడుతుంది, ఆ వెంటనే వేగంగా పైపైన శ్వాస మొదలవుతుంది. నెమ్మదిగా, ఎడతెగకుండా మోగితే మిగిలేది చివరిదే. ఆ పైపై శ్వాసతో వచ్చే నష్టం చిన్న లెక్కతో తేలుతుంది. శ్వాసకు 500 మి.లీ. చొప్పున నిమిషానికి 15 శ్వాసలంటే 7.5 లీటర్లు. ప్రతి శ్వాసలో గొట్టాల్లోనే మిగిలే 150 మి.లీ. తీసేస్తే గాలిగదులకు 5.25 లీటర్లు చేరుతుంది. శ్వాసకు 250 మి.లీ. చొప్పున 30 శ్వాసలు తీసినా మొత్తం అదే 7.5 లీటర్లు, గాలిగదులకు చేరేది 3 లీటర్లే. అందుకే రోగి వేగంగా ఊపిరి తీస్తున్నాడు కాబట్టి గాలి బాగానే అందుతోందిలే అనుకోవడం ప్రమాదం. మొదట కార్బన్ డయాక్సైడ్ తక్కువగా ఉన్న రోగిలోనే, కండరాలు అలసి శ్వాస ఇంకా పైపైకి వచ్చాక, అది మామూలుకు, తర్వాత మామూలు కన్నా పైకి ఎగబాకుతుంది. ఆ దశలో 'మామూలు' రిపోర్టు శుభవార్త కాదు.

గుండె నెమ్మదింపులో ఒక విశేషం ఉంది. ఇంతకుముందు చెప్పుకున్న గేటు ఈ సంకేతానికి అడ్డు రాదు. రక్తపోటు సంకేతాలు, కెరోటిడ్ సంకేతాలు ఉచ్ఛ్వాసంలో ఆగిపోతాయి. ఊపిరితిత్తి సి తంతువుల సంకేతం మాత్రం ఏ దశలో వచ్చినా గుండెను నెమ్మదింపజేస్తుందని పిల్లుల్లో 1989లో డేలీ, కర్క్‌మన్ చూపారు. అయితే ఊపిరితిత్తుల్లో నీరు చేరిన మనిషి గుండె 120 కొడుతూ కనిపిస్తుందేం? అక్కడ భయం, పడిపోతున్న గుండె ఉత్పత్తి, తగ్గుతున్న ఆక్సిజన్ అన్నీ కలిసి, గుండెను పరుగెత్తించే అనుకంప నాడులను రేపుతాయి, వేగస్ లాగుడు వాటికి చాలదు. ప్రయోగశాలలో ఒక్క తీగను మీటి విన్నది, రోగిలో అన్ని తీగలూ ఒకేసారి మోగేటప్పుడు విడిగా వినపడదు. జె గ్రాహకాల మీద వచ్చే విమర్శల్లో కొన్ని ఈ తేడాను మరిచిపోవడం వల్లే వస్తున్నాయి.

మనుషుల్లో రుజువు ఏమిటి? లోబెలిన్ అనే మందును సిరలోకి కొద్దిగా ఎక్కిస్తే, అది ఊపిరితిత్తులకు చేరే సమయానికి గొంతులో, ఛాతీ పై భాగంలో ఉక్కిరిబిక్కిరి, మంట, పొడి దగ్గు వస్తాయి. పెయింటల్, ఆయన సహచరులు 1995లో పిల్లుల్లో సి తంతువులు మోగే సమయాన్నీ మనుషుల్లో ఆ అనుభూతి వచ్చే సమయాన్నీ పక్కపక్కన పెట్టి చూపారు. అంతకుముందే లండన్‌లో గజ్, ఆయన బృందం మెడలో రెండు వేగస్‌లనూ మందుతో మొద్దుబార్చి చూశారు. ఊపిరి బిగబట్టినప్పుడు కలిగే బాధ తగ్గింది, కొందరు రోగుల్లో ఆయాసమూ తగ్గింది.

పెయింటల్ ఇంకో అడుగు ముందుకేశారు. మెట్లెక్కినా, కొండెక్కినా ఊపిరితిత్తుల రక్తపీడనం పెరుగుతుంది కాబట్టి జె గ్రాహకాలు మోగి, కాళ్ల కండరాలను సడలించి మనిషిని ఆపేస్తాయని ఆయన వాదన. పిల్లుల్లో మోకాలి ప్రతీకార చర్య అణగడం దీనికి ఆధారం. కానీ 1998లో సిడ్నీలో గాండేవియా బృందం మనుషులకు లోబెలిన్ ఇచ్చి కొలిస్తే, దగ్గూ ఉక్కిరిబిక్కిరీ వచ్చాయే గానీ కండరాల బలం తగ్గలేదు. ఆయాసం మీద పెయింటల్ వాదన నిలబడింది. కండరాల మీది వాదనను మనుషులకు వర్తింపజేయడానికి ఈ ఆధారాలు చాలవు.

వైద్యంలో ఇది ఎలా పనికొస్తుందంటే, చికిత్స గురి ఆక్సిజన్ ఒక్కటే కాకూడదు. కాళ్లు కిందికి వేలాడేలా కూర్చోబెడితే ఛాతీలోకి వచ్చే రక్తం తగ్గుతుంది. నైట్రోగ్లిసరిన్ సిరలను వెడల్పు చేసి అదే పని చేస్తుంది. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే ఫ్యూరోసెమైడ్‌ను సిరలోకి ఇస్తే, అది మూత్రం రాకముందే, కొన్ని నిమిషాల్లోనే గుండెలోకి వచ్చే రక్తపు పీడనాన్ని తగ్గిస్తుంది. ఈ మూడూ కేశనాళిక గోడ మీది ఒత్తిడిని దించేవే. ఇంట్లో చూసుకోవాల్సింది శ్వాసల సంఖ్య. రోగికి చెప్పకుండా, పొట్ట కదలికను పూర్తి 60 సెకన్లు లెక్కపెట్టాలి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే ఒక్క శ్వాస పొరపాటు నాలుగై కూర్చుంటుంది. గుండెజబ్బు ఉన్నవారికి విశ్రాంతిలో, జ్వరం లేకుండా, 20 లోపు ఉండే సంఖ్య 25 దాటి అక్కడే ఉంటే, ఆక్సీమీటరు ఏం చూపించినా ఆసుపత్రికి వెళ్లాలి. ఎత్తైన ప్రాంతాలకు వేగంగా వెళ్లినవాళ్లలో ఊపిరితిత్తుల్లో నీరు చేరేటప్పుడు కూడా పొడి దగ్గు, విశ్రాంతిలోనే ఆయాసం ముందొస్తాయి. అప్పుడు చేయాల్సింది వెంటనే కిందికి దిగడమే.

రెండు ఊపిరితిత్తులూ మార్పిడి చేయించుకున్నవాళ్లలో వాటి నుంచి వచ్చే వేగస్ తంతువులన్నీ తెగి ఉంటాయి. శ్వాసతోపాటు గుండె వేగంలో వచ్చే ఊగిసలాట వాళ్లలో దాదాపు సగానికి తగ్గినట్టు 1995లో కొలిచారు. అయినా వాళ్లకు ఆయాసం వస్తుంది. ఛాతీ కండరాల శ్రమ, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కూడా ఆయాసాన్ని పుట్టించగలవు గనక. జె గ్రాహకాల సంకేతం ఆయాసానికి ఉన్న దారుల్లో ఒకటి. ఊపిరితిత్తి గోడ ఉబ్బడం మొదలైనప్పుడు ముందుగా మోగే దారి అదే.